పదహారుకి ఒకటి: 1896 అమెరికా ఎన్నికల్లో సామాన్యుల వాదం

1

"ఓటరుకేం తెలుసు?" అన్న మాట రాజకీయ నాయకులకంటె రచయితల నోటే ఎక్కువ వినిపిస్తుంది. ఎన్నికల మీద వచ్చిన మన కథల్లో, నాటికల్లో ఓటరు సాధారణంగా రెండు రూపాల్లో కనబడతాడు. ఒకడు సారాకి, నోటుకి అమ్ముడుపోయేవాడు. రెండోవాడు కులపెద్ద చూపించిన గుర్తు మీద ముద్ర కొట్టేవాడు. ఈ చిత్రణలో అబద్ధం ఉందని నేననను. కాని ఇదే మొత్తం నిజమని నమ్మిన రచయిత, తనకు తెలియకుండానే పాలకవర్గం తరఫున సాక్ష్యం చెబుతున్నాడు. ప్రజలు అజ్ఞానులైతే వాళ్ళను ఏలడం తప్పు కాదుకదా!

కన్యాశుల్కంలో గిరీశం బండివాడికి నేషనల్ కాంగ్రెసు మీద రెండు గంటలు ఉపన్యాసం దంచుతాడు. అంతా విన్న బండివాడు తమ ఊరి హెడ్డు కానిస్టేబులు బదిలీ ఎప్పుడవుతుందని అడుగుతాడు. ఆ మాట విని మనం తరతరాలుగా బండివాడి అమాయకత్వానికి నవ్వుతున్నాం. నామటుకు నాకు అక్కడ రాజకీయ ప్రశ్న వేసినవాడు బండివాడొక్కడే అనిపిస్తుంది. తన మీద రోజూ అధికారం చెలాయించే మనిషి ఎవడో అతనికి తెలుసు. మీరు చెప్పే మార్పు ఆ మనిషిదాకా వస్తుందా రాదా అన్నదే అతని ప్రశ్న. గిరీశం దగ్గర దానికి జవాబు లేదు.

కన్యాశుల్కం అచ్చయిన 1897కు సరిగ్గా ఒక ఏడాది ముందు, అమెరికాలో ఇదే ప్రశ్నను లక్షలాది రైతులూ కూలీలూ ఒక అధ్యక్ష ఎన్నిక నడిబొడ్డున నిలబెట్టారు. డబ్బు అంటే ఏమిటి, దాన్ని ఎవరు పుట్టిస్తారు, ఎవరి మేలుకోసం పుట్టిస్తారు అన్న చర్చ ఆ వేసవిలో పొలాల్లో, రైలు పెట్టెల్లో, మంగలి కొట్లలో, చర్చిల ముందు జరిగింది. 1896 నవంబరు 3న ఓటుహక్కున్నవాళ్ళలో దాదాపు నూటికి 80 మంది ఓటు వేశారు. అయినా సామాన్యులు ఓడిపోయారు.

ఆ ఓటమికి కారణం అజ్ఞానం కాదని చూపించడమే ఈ వ్యాసంలో నా ఉద్దేశం. వాళ్ళు ఒక వ్యవస్థ మీద మొదలుపెట్టిన చర్చ, ఎన్నిక దగ్గరపడేసరికి ఇద్దరు అభ్యర్థుల మీద చర్చగా కుదించుకుపోయింది. ఆ కుదించుకుపోయిన చర్చలోనూ డబ్బూ భయమూ ఒక పక్షానే నిలిచాయి. వీటికంటె ముందే, ఆ చర్చలో కూర్చోవలసినవాళ్ళలో ఒక పెద్ద భాగాన్ని బయటికి నెట్టేశారు. ఈ మూడూ కలిసి ఓడించాయి.

2

రైతు కోపానికి పునాది ఒక లెక్కలో ఉంది. 1870ల మొదట్లో పౌను పత్తి పది సెంట్లకు పైన పలికింది. 1894 నాటికి అది అయిదు సెంట్ల దగ్గరికి దిగింది. ఒకప్పుడు బుషెలుకి డాలరు తెచ్చిన గోధుమ 1894లో యాభై సెంట్ల దగ్గర ఉంది. గోధుమ డాలరున్నప్పుడు రైతు వెయ్యి డాలర్లు అప్పు చేశాడనుకుందాం. అప్పుడు ఆ అప్పు బరువు వెయ్యి బుషెళ్ళు. గోధుమ అర్ధడాలరుకి దిగాక అదే అప్పు రెండువేల బుషెళ్ళు. కాగితం మీద అంకె మారలేదు, పొలంలో మాత్రం రెట్టింపు అయింది. ఈ సంగతి కనిపెట్టడానికి రైతుకి అర్థశాస్త్రం పట్టా అవసరం లేకపోయింది.

దక్షిణాది రాష్ట్రాల్లో పరిస్థితి మరీ అన్యాయం. అక్కడి షావుకారు విత్తనం నుంచి ఉప్పు దాకా అరువిచ్చి, ఇంకా మొలకెత్తని పంటను తాకట్టు రాయించుకునేవాడు. కొట్లో ప్రతి సరుకుకీ నగదు ధర ఒకటి, అరువు ధర ఒకటి. పంట తూచిననాడు లెక్క తెగేది కాదు. తెగనంతకాలం రైతు మరో షావుకారు గుమ్మం ఎక్కడానికి వీలులేదు. పడమటి మైదానాల్లో తాకట్టు భూమి మీద ఉండేది. అక్కడ ధాన్యపు గిడ్డంగివాడూ రైల్వే కంపెనీవాడూ చెప్పిందే ధర. మన పల్లె జీవితం ఎరిగినవాళ్ళకు ఇది పరాయి కథగా తోచదు.

డబ్బు ఎందుకు కరువైంది? 1873 నాణేల చట్టంతో అమెరికా ప్రభుత్వం వెండి డాలరును మామూలు నాణేల జాబితాలోంచి తప్పించింది. జనం పెరిగారు, పంటలు పెరిగాయి, వ్యాపారం పెరిగింది. వాటికి తగినట్టు బంగారం పెరగలేదు. పదహారు ఔన్సుల వెండి ఒక ఔన్సు బంగారంతో సమానమన్న పాత నిష్పత్తిలో, ఎవరు ఎంత వెండి తెచ్చినా ప్రభుత్వం నాణేలుగా కొట్టి ఇవ్వాలని రైతులు అడిగారు. "పదహారుకి ఒకటి" అన్న నినాదం అలా పుట్టింది. 1896 నాటికి బజారులో ఆ నిష్పత్తి ముప్పైకి ఒకటి దాటింది. కాబట్టి పాత నిష్పత్తిలో నాణేలు కొట్టడమంటే డబ్బు చలామణిని ఒక్కసారిగా పెంచడమే. అప్పుపడ్డవాడికి ఊపిరి, అప్పిచ్చినవాడికి నష్టం. వెండీ బంగారమూ రెండు లోహాల పేర్లుగా వినిపించినా, అవి నిజానికి రెండు వర్గాల పేర్లు.

ఈ కథలో మన దేశానికీ భాగం ఉంది. 1893 జూన్ 26న బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం టంకశాలల్లో ప్రజల వెండిని నాణేలుగా కొట్టడం ఆపేసింది. ప్రపంచంలో వెండికి అతిపెద్ద గిరాకీ ఉన్న ద్వారం మూసుకుపోయింది. వెండి ధర కుప్పకూలి, కొలరాడోలో గనులు మూతపడ్డాయి. ఇక్కడ మన రైతు చేతిలోని వెండి నగ విలువ పడిపోయింది. అతను శిస్తుగా కట్టవలసిన రూపాయి విలువను మాత్రం ప్రభుత్వం ఎత్తి నిలబెట్టింది. చట్టంలో శిస్తు పెంచకుండానే రైతు మీద బరువు పెంచే ఉపాయమిదని దాదాభాయి నౌరోజీ వాదించాడు. కాన్సస్ రైతుకీ గోదావరి రైతుకీ ఒకరి పేరు ఒకరికి తెలియదు. ఇద్దరి మెడకూ ఉన్నది ఒకే తాడు, దాని కొస లండను బజారులో ఉంది. అమెరికా రైతు దాని మీద ఓటు వేయగలిగాడు, మన రైతుకి ఆ అవకాశం లేదు. తేడా అంతే.

3

ఇంత జటిలమైన విషయం గడ్డిబీళ్ళ మధ్య ఉన్న రైతుకి ఎలా తెలిసిందన్న ప్రశ్న వస్తుంది. సాహిత్య విద్యార్థులు ముఖ్యంగా గమనించవలసింది ఇక్కడే.

1877లో టెక్సస్‌లోని లాంపసాస్ కౌంటీలో పుట్టిన రైతుసంఘం పదేళ్ళలో దక్షిణాది, పడమటి రాష్ట్రాల్లో పాకింది. దాని పేరు ఫార్మర్స్ అలయన్స్. ప్రతి శాఖకూ ఒక ఉపన్యాసకుడు ఉండేవాడు. అతను బయటినుంచి ఊడిపడ్డ పండితుడు కాదు, తోటి రైతే. సాయంత్రాలు బడిగదిలో లాంతరు వెలిగించి సమావేశమయ్యేవారు. పత్తి సహకారంగా అమ్మడం, టోకున సరుకు కొనడం గురించి మొదలైన మాట క్రమంగా బ్యాంకులదాకా వెళ్ళింది. ఎందుకంటే సహకార సంఘాలకు బ్యాంకులు అప్పు నిరాకరించాయి. అనుభవమే వాళ్ళను ఒక మెట్టునుంచి ఇంకో మెట్టుకి తీసుకుపోయింది. 1889లో చార్లెస్ మకూన్ ఒక పథకం ప్రతిపాదించాడు. ప్రభుత్వమే గిడ్డంగులు కట్టాలి, రైతు పంటను అక్కడ నిలవ పెట్టాలి, దాని విలువలో నూటికి ఎనభై వంతుల దాకా స్వల్ప వడ్డీకి ప్రభుత్వమే అప్పివ్వాలి. షావుకారును మధ్యలోంచి తీసేసే పథకమిది.

1892 జులై 4న ఒమాహా నగరంలో పీపుల్స్ పార్టీ ప్రకటించిన కార్యక్రమం ఈ బడిగదుల చర్చల సారాంశం. రైల్వేలు, తంతి, టెలిఫోను ప్రజలపరం కావాలి. ఎక్కువ ఆదాయం మీద ఎక్కువ పన్ను పడాలి. తపాలా కార్యాలయాల్లో పొదుపు బ్యాంకులు రావాలి. వెండి నాణెం ఆ జాబితాలో ఒక అంశం మాత్రమే. ఆ ఏడు వాళ్ళ అభ్యర్థి జేమ్స్ వీవర్‌కి పది లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. పాపులిస్టులు అన్న పేరు వీళ్ళదే. తరువాతి కాలంలో ఆ మాటను జనాన్ని రెచ్చగొట్టే ప్రతి నాయకుడికీ తగిలించడం చరిత్రకు చేసిన అపచారం.

ఆ ఉద్యమం తన సాహిత్యాన్ని తానే సృష్టించుకుంది. ఊరూరా చిన్న వారపత్రికలు వచ్చాయి. సంపాదకీయం పక్కనే రైతుల ఉత్తరాలు పడేవి. 1894లో విలియం హోప్ హార్వే ఒక చిన్న పుస్తకం వేశాడు, పేరు కాయిన్స్ ఫైనాన్షియల్ స్కూల్. నాణెం అనే పేరున్న కుర్రవాడొకడు చికాగోలో బడి పెట్టి డబ్బు సిద్ధాంతం బోధిస్తాడు. అతని పాఠం వినడానికి నగరంలోని పెద్ద బ్యాంకర్లు వస్తారు, ప్రశ్నలు వేస్తారు, జవాబు విని నోరు మూసుకుంటారు. ఆ బ్యాంకర్లకు రచయిత నిజమైన పేర్లే పెట్టాడు. లైమన్ గేజ్ అనే బ్యాంకరు అందులో ఉన్నాడు. మెకిన్లీ గెలిచాక ఆర్థికమంత్రి అయినవాడు ఆ గేజే! బడి నిజంగా జరిగిందనే చాలామంది పాఠకులు నమ్మారు. పాతిక సెంట్ల ఆ పుస్తకం లక్షల సంఖ్యలో అమ్ముడుపోయింది.

దాని అర్థశాస్త్రంలో లోపాలున్నాయి. ఉత్పత్తి సంబంధాలను వదిలేసి కేవలం చలామణీలోనే దోపిడీ మూలాన్ని వెతకడం అన్నిటికంటె పెద్ద లోపం. అయితే దాని రూపం గురించి మనం ఆలోచించాలి. చదువుకున్న పెద్దమనుషులు ప్రశ్నిస్తుంటే ఒక కుర్రవాడు జవాబు చెప్పే సంవాదం అది. తన ఊళ్ళో బ్యాంకరు ముందు టోపీ తీసి నిలబడ్డ రైతు, ఈ పుస్తకం చదివాక ఆ బ్యాంకరుకే ఎదురు ప్రశ్న వేయగలిగాడు. కరపత్రాన్ని సాహిత్యం కాదని కొట్టిపారేసే విమర్శకులు ఈ సంగతికి ఏ పేరు పెడతారో నాకు తెలియదు.

4

1893లో ఆర్థిక సంక్షోభం వచ్చింది. బ్యాంకులు కూలాయి, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. 1894లో నిరుద్యోగులు జేకబ్ కాక్సీ వెంట వాషింగ్టన్‌కు నడిచారు. అదే ఏడు పుల్‌మన్ రైల్వే సమ్మెను డెమొక్రాటు అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ సైన్యంతో అణిచాడు. సమ్మె నాయకుడు యూజిన్ డెబ్స్ జైలుకి పోయాడు. 1895లో ప్రభుత్వం బంగారం కోసం జె. పి. మోర్గన్ ముఠా దగ్గర చేయి చాచింది. రాజ్యం ఎవరిదో ఇంత బట్టబయలైన సందర్భాలు చరిత్రలో తక్కువ.

సహజంగానే పీపుల్స్ పార్టీ బలం పెరగవలసిన సమయమిది. కాని 1896 జులైలో చికాగో సభలో డెమొక్రాటిక్ పార్టీయే క్లీవ్‌లాండ్‌ను వదిలేసి వెండి పక్షం చేరింది. నెబ్రాస్కాకి చెందిన 36 ఏళ్ళ విలియం జెన్నింగ్స్ బ్రయాన్ జులై 9న చేసిన ఉపన్యాసం సభను ఊపేసింది. మానవజాతిని బంగారు శిలువకు కొట్టనివ్వమన్న ఉపమానం దేశమంతా మార్మోగింది. మర్నాడే అతను అభ్యర్థి అయ్యాడు.

ఇప్పుడు పాపులిస్టులేం చేయాలి? సొంత అభ్యర్థిని పెడితే వెండి ఓట్లు చీలి బంగారం గెలుస్తుంది. బ్రయాన్‌ను బలపరిస్తే పార్టీ మిగలదు. సెయింట్ లూయీ సభలో ఈ వాదన హోరాహోరీగా సాగింది. టెక్సస్ ప్రతినిధులు కలవడానికి వీల్లేదన్నారు. చివరికి సభ బ్రయాన్‌నే అంగీకరించింది. ఉపాధ్యక్ష స్థానానికి మాత్రం డెమొక్రాట్లు పెట్టిన ఆర్థర్ స్యూఅల్ అనే నౌకల వ్యాపారిని కాదని, జార్జియా నాయకుడు టామ్ వాట్సన్‌ను నిలిపింది. ఒక అధ్యక్ష అభ్యర్థికి ఇద్దరు ఉపాధ్యక్ష అభ్యర్థులు! దారి తప్పిన ఐక్యతకు ఇంతకంటె గుర్తు అక్కర్లేదు.

గుత్త సంస్థల మీద గొప్ప గ్రంథం రాసిన హెన్రీ డెమరెస్ట్ లాయిడ్ వెండి నినాదాన్ని ఇతర పక్షుల గూళ్ళలో గుడ్లు పెట్టే పక్షితో పోల్చాడు. కాకి గూట్లో కోకిల పిల్ల అని మనం అనే మాటే అది. తేడా ఏమంటే, ఆ అమెరికా పక్షిపిల్ల ఎదిగేసరికి గూటి సొంత పిల్లలకు తిండి దక్కదు. ఒమాహా కార్యక్రమంలోని రైల్వేలు, గిడ్డంగులు అలాగే పక్కకి పోయి, వెండి ఒక్కటే గూడంతా నిండింది. వెండి గనుల యజమానులకు కావలసిందీ అదే. పదేళ్ళు బడిగదుల్లో పండిన ప్రశ్న "బ్రయానా, మెకిన్లీయా?" అన్న రెండు పేర్లలోకి కుదించుకుపోయింది.

5

అలా కుదించుకుపోయాక కూడా ఆ వేసవి చర్చలో ఎంత సత్తువ ఉందో చెప్పకపోతే అన్యాయమవుతుంది. కోటు గుండీకి బంగారు పురుగు బొమ్మో వెండి పురుగు బొమ్మో తగిలించుకుని మనుషులు వీధిలో నడిచేవారు. ఎదురుబొదురు పురుగులు కలిసినచోటల్లా సభే. బ్రయాన్ ఊరేగింపుల్లో పదహారుమంది అమ్మాయిలు తెల్లబట్టలు, ఒకమ్మాయి పసుపుబట్టలు కట్టుకుని బండి మీద కూర్చునేవారు. నినాదాన్ని చదవడం రానివాడు కూడా చూసి చదువుకున్నాడు. బ్రయాన్ రైలులో 18,000 మైళ్ళు తిరిగి రమారమి 600 ఉపన్యాసాలిచ్చాడు.

కాన్సస్‌లోని ఎంపోరియా పట్టణంలో జరిగిన ఒక సంఘటన ఆనాటి వాతావరణాన్ని పట్టిస్తుంది. అక్కడి గెజెట్ పత్రిక సంపాదకుడు విలియం అలెన్ వైట్ బంగారం పక్షం వాడు. ఆగస్టులో ఒక రోజు పాపులిస్టు రైతులు కొందరు వీధిలో అతన్ని చుట్టుముట్టి అతని రాతలకు సంజాయిషీ అడిగారు, ఎగతాళి చేశారు. తనకంటె చదువు తక్కువైనవాళ్ళు తనను నిలదీయడం భరించలేక అతను ఆఫీసుకి పోయి, కాన్సస్‌కి ఏం రోగమొచ్చిందన్న శీర్షికతో నిప్పులు కక్కే సంపాదకీయం రాశాడు. రైతుల వాదానికి అందులో జవాబు లేదు, వాళ్ళ బట్టల మీదా భాష మీదా వెక్కిరింత ఉంది. రిపబ్లికన్ పార్టీ దాన్ని దేశమంతా అచ్చువేసి పంచింది. వైట్ ఒక్కరోజులో ప్రసిద్ధుడయ్యాడు. ఆ రైతుల పేర్లు ఎవరికీ తెలియవు. చరిత్రలో ఎవరి మాట అచ్చులో మిగులుతుందో, ఎవరి మాట వీధిలోనే ఆగిపోతుందో చెప్పడానికి ఇదొక ఉదాహరణ. అయితే కాన్సస్ ఆ సంపాదకీయానికి లొంగలేదు. నవంబరులో బ్రయాన్‌నూ, జాన్ లీడీ అనే పాపులిస్టు గవర్నరునూ గెలిపించింది.

బంగారం పక్షం బలం వేరేచోట ఉంది. మెకిన్లీ ఒహాయోలోని కాంటన్‌లో తన ఇంటి వసారా దిగలేదు. రైల్వేలు చార్జీలు తగ్గించి జనాన్నే ఆయన దగ్గరికి తీసుకొచ్చాయి. ఏడున్నర లక్షలమంది వచ్చారని చెబుతారు. ఆయన వ్యూహకర్త మార్క్ హానా 35 లక్షల డాలర్ల నిధి కూడగట్టాడు. స్టాండర్డ్ ఆయిల్ ఒక్కటే రెండున్నర లక్షలు ఇచ్చింది. బ్రయాన్ పక్షానికి అందులో అయిదోవంతు కూడా దొరకలేదు. పది కోట్లకు పైగా కరపత్రాలు, వలస వచ్చిన కార్మికుల సొంత భాషల్లో సహా, అచ్చయ్యాయి. మెకిన్లీ గెలిస్తేనే సరుకు తీసుకుంటామని ఆర్డర్లలో షరతు రాసినవాళ్ళున్నారు. బ్రయాన్ గెలిస్తే మర్నాడు పనిలోకి రావద్దని కొన్ని ఫ్యాక్టరీల్లో కూలీలకు చెప్పారని ఆనాటి పత్రికలు రాశాయి.

కాని కార్మికుల ఓటు పోవడానికి బెదిరింపు ఒక్కటే కారణమంటే మనల్ని మనం మోసగించుకోవడమే. నగరాల్లోని కూలీకి ఒక న్యాయమైన ప్రశ్న ఉంది: వెండి డాలరులోని లోహం విలువ 53 సెంట్లే అయినప్పుడు, నా కూలి ఆ డాలరులో ఇస్తే రొట్టె ధర ఎంతవుతుంది? ధరలు పెరగడం రైతుకి కావాలి, కూలీకి అక్కర్లేదు. ఈ ప్రశ్నకు ఒమాహా కార్యక్రమంలో కొంతవరకైనా సమాధానముంది, ఎందుకంటే రైల్వేలూ పన్నులూ ఇద్దరికీ ఉమ్మడి సమస్యలు. వెండి ఒక్కటే మిగిలాక సమాధానం లేకుండా పోయింది. ఫలితంగా ఒహాయో నదికి ఉత్తరాన, మిసిసిపీకి తూర్పున బ్రయాన్ ఒక్క రాష్ట్రం కూడా గెలవలేదు. ఎలక్టొరల్ ఓట్లు 271కి 176. ప్రజల ఓట్లలో తేడా సుమారు ఆరు లక్షలు.

6

ఇంతవరకు "సామాన్యులు" అన్న మాట వాడుతూ వచ్చాను. ఆ మాటలో ఎవరున్నారో, ఎవరు లేరో తేల్చకపోతే ఈ చరిత్ర సగమే అవుతుంది.

స్త్రీలకు వయొమింగ్, కొలరాడో, యూటా రాష్ట్రాల్లో తప్ప ఆ ఎన్నికలో ఓటు లేదు. అయినా కాన్సస్‌లో మేరీ ఎలిజబెత్ లీస్, ఆనీ డిగ్స్ వంటి వక్తలు ఉద్యమానికి గొంతునిచ్చారు. ఓటు లేనివాళ్ళే ఓటర్లకు పాఠం చెప్పారు.

నల్లవాళ్ళ విషయం మరింత బాధాకరం. రైతుసంఘం వాళ్ళను చేర్చుకోలేదు. 1886లో టెక్సస్‌లో వాళ్ళు వేరే సంఘం పెట్టుకోవలసి వచ్చింది. పది లక్షలకు పైగా సభ్యులున్నారని ఆ సంఘం చెప్పుకుంది. 1891లో పత్తి ఏరే కూలీలు నూరు పౌన్లకు డాలరు కూలి కావాలని సమ్మె పిలుపిచ్చారు. అప్పుడు తెల్ల రైతుసంఘం అధ్యక్షుడు లియొనిడస్ పోక్, ఆ కూలి ఇవ్వడంకంటె పత్తిని చేలోనే వదిలేయడం మేలన్నాడు. ఆర్కన్సాలోని లీ కౌంటీలో సమ్మెను రక్తంలో ముంచారు. షావుకారుకి ఎదురు నిలిచిన రైతే తన కూలీ ముందు యజమాని అయ్యాడు. ఈ వైరుధ్యం రంగుభేదం మాత్రమే కాదు, ఆస్తిభేదం కూడా. మన రైతు ఉద్యమాల చరిత్ర రాసేవాళ్ళు వ్యవసాయ కూలీల దగ్గరికి వచ్చేసరికి ఏ పేజీ తిప్పేస్తున్నారో ఒకసారి చూసుకోవాలి.

1892లో టామ్ వాట్సన్ ఈ గోడను బద్దలు కొట్టడానికి ప్రయత్నించాడు. మిమ్మల్ని విడివిడిగా దోచుకోవడానికే మీ మధ్య ద్వేషం పెంచారని తెల్ల, నల్ల రైతులిద్దరికీ చెప్పాడు. తన పక్షాన ప్రచారం చేసిన నల్ల బోధకుడికి ప్రాణభయం కలిగితే, అతన్ని కాపాడటానికి తెల్ల రైతులు తుపాకులు పట్టుకుని వచ్చారు. జార్జియాలో అలాంటి దృశ్యం అంతకుముందు ఊహకు అందనిది. కాని 1896 ఓటమి తరువాత అదే వాట్సన్ నల్లవాళ్ళ ఓటుహక్కు తీసేయాలని వాదించే స్థాయికి దిగజారాడు. దాన్ని వ్యక్తి పతనమని వదిలేయడానికి వీల్లేదు. కింది వర్గాల ఐక్యత విఫలమైనప్పుడు, ఆ కోపం తనకంటె కిందివాడి మీదికి ఎలా మళ్ళుతుందో అది చూపిస్తుంది.

పాలకులు మాత్రం పాఠం బాగా నేర్చుకున్నారు. నార్త్ కరొలైనాలో పాపులిస్టులూ రిపబ్లికన్లూ కలిసి, నల్లవాళ్ళ ఓట్లతో 1894లో శాసనసభనూ 1896లో గవర్నరు పదవినీ గెలిచారు. దానికి జవాబు 1898 నవంబరు 10న విల్మింగ్టన్‌లో వచ్చింది. తెల్లమూక ఎన్నికైన నగర ప్రభుత్వాన్ని ఆయుధాలతో కూల్చి నల్లవాళ్ళను చంపింది. లూసియానాలో 1896లో 1,30,334 మంది నల్ల ఓటర్లు నమోదై ఉన్నారు. 1904 నాటికి మిగిలింది 1,342 మంది. పరీక్షలూ పన్నులూ పెట్టి చేసిన ఆ ఏరివేతలో లక్షలాది పేద తెల్లవాళ్ళ ఓట్లూ పోయాయి. ఓటరుకేం తెలుసని వెక్కిరించినవాళ్ళే, ఓటరుకి తెలిసినప్పుడు ఓటు లేకుండా చేశారు.

7

ఈ ఉద్యమాన్ని చరిత్రకారులు ఎలా చూశారన్నది మరో పోరాటం. 1955లో రిచర్డ్ హాఫ్‌స్టాటర్ వీళ్ళను గతం కోసం అంగలార్చే కుట్ర సిద్ధాంతాల మనుషులుగా చిత్రించాడు. ఆయన మాటలో కొంత నిజముంది. రోత్‌చైల్డు పేరు చుట్టూ అల్లిన యూదు ద్వేషం కొన్ని పాపులిస్టు రచనల్లో కనబడుతుంది, దాన్ని మనం కప్పిపుచ్చకూడదు. కాని నగర మేధావికి గ్రామం మీద ఉన్న అనుమానం కూడా ఆ పుస్తకంలో చాలా ఉంది. 1976లో లారెన్స్ గుడ్విన్ సహకార సంఘాల కాగితాలు తవ్వి, రైతులు ఏం ఆలోచించారో వాళ్ళ మాటల్లోనే చూపించాడు. 2007లో చార్లెస్ పోస్టెల్ వాళ్ళు గతంవైపు కాదు, భవిష్యత్తువైపు చూశారని వాదించాడు. ఎక్కడ వెతికారన్నదాన్ని బట్టి ఏం దొరికిందన్నది మారింది.

సాహిత్యం సంగతీ అంతే. హామ్లిన్ గార్లండ్ 1891 నాటి కథల్లో తాకట్టు భూమి రైతుల బతుకును చూపించాడు, ఉద్యమ వేదికలెక్కి మాట్లాడాడు కూడా. 1896లో పదహారేళ్ళ కుర్రవాడైన వేచెల్ లిండ్సే 1919లో ఆ ఎన్నికను కవితగా రాశాడు. ఈ రచనల కంటె విద్యార్థులకు ఎక్కువ తెలిసింది మాత్రం 1900లో వచ్చిన విజర్డ్ ఆఫ్ ఓజ్ అనే పిల్లల నవల. అందులోని పసుపు ఇటుకల దారి బంగారమనీ, వెండి చెప్పులు వెండి నాణెమనీ 1964లో ఒక ఉపాధ్యాయుడు వ్యాఖ్యానించాడు. అది క్లాసుగదుల్లో బాగా చలామణి అయింది. రచయిత బౌమ్‌కి అటువంటి ఉద్దేశమున్నట్టు ఆధారమేదీ లేదు. పిల్లల కథలో రైతు ఉద్యమాన్ని అంత కష్టపడి వెతికేవాళ్ళు, ఆ రైతులు స్వయంగా రాసుకున్న ఉత్తరాలనూ పత్రికలనూ తెరిచి చూడకపోవడం నాకు విడ్డూరంగా ఉంటుంది. ప్రతీకల వేటకు ఇచ్చిన గౌరవాన్ని మన విమర్శ సూటి మాటకు ఇవ్వదు.

ఓడిపోయిన కార్యక్రమం మాత్రం చావలేదు. తపాలా పొదుపు బ్యాంకులు 1910లో వచ్చాయి. ఆదాయపు పన్నుకీ, సెనేటర్లను ప్రజలే నేరుగా ఎన్నుకోవడానికీ 1913లో రాజ్యాంగ సవరణలు జరిగాయి. 1933లో బంగారు ప్రమాణమే దేశంలో తలకిందులైంది. 1896లో బ్రయాన్‌ను బలపరిచిన డెబ్స్ మర్నాటి ఏడే సోషలిస్టయ్యాడు. 1912లో తొమ్మిది లక్షల ఓట్లు తెచ్చుకున్నాడు. బ్రయాన్ 1906లో మన దేశం చూసి వెళ్ళి బ్రిటిష్ పాలనను తీవ్రంగా విమర్శిస్తూ రాశాడు. బడిగది లాంతరు వెలుగులో అడిగిన ప్రశ్నలు అంత దూరం నడిచాయి.

కాబట్టి ఎన్నికల మీద రాయబోయే రచయిత తనను తాను ఒక ప్రశ్న వేసుకోవాలి. నా కథలో ఓటరు మాట్లాడుతున్నాడా, లేక అతని గురించి నేను మాట్లాడుతున్నానా? ఓటు అమ్ముకున్న మనిషి కథ రాయండి, తప్పులేదు. ఆ ఓటు కొన్నవాడి లెక్క కూడా రాయండి. వరసలో నిలబడ్డ మనిషి అభ్యర్థి పేరు పలికినప్పుడు ఆ పేరు వెనక ఏ అప్పు ఉందో, ఏ ధర ఉందో, ఏ హెడ్డు కానిస్టేబులున్నాడో వినండి. 1896లో ఎంపోరియా వీధిలో సంపాదకుణ్ణి చుట్టుముట్టిన రైతులు ఏం అడిగారో మనకు వైట్ కలం నుంచి తప్ప తెలిసే దారి లేదు. మన వీధుల్లోని ప్రశ్నలకు ఆ గతి పట్టకుండా చూడటం మన పని.